స్వహస్త క్షౌరము

మనిషి తన కంఠమును మరొకరి చేతిలోని పదునైన కత్తికి అప్పగించి, కన్నులు మూసికొని, నిశ్చింతగా కూర్చుండు చోటు లోకమున ఒక్కటే ఉన్నది. అది మంగలి ఎదుటి పీట. ఆ పీటమీద కూర్చున్నవాడు జమీందారు కావచ్చును, గుమాస్తా కావచ్చును. కత్తి వాదర గొంతుమీద నడచినంతసేపు ఇద్దరును మాట ఆపి, తల కదల్పక, ఎదుటివాని చేతిని నమ్మవలసినదే. నిత్యకృత్యము కావున ఈ నమ్మకమును మనము గమనింపము.

గమనించి భయపడినవాడు ఒకడున్నాడు. క్రీస్తుకు పూర్వము 405 నుండి 367 వరకు సిసిలీ ద్వీపమున సిరక్యూస్ నగరమును ఏలిన డయొనీసియస్ అను నియంత అతడు. రోమను వాగ్మి సిసిరో అతని కథను చెప్పినాడు. డయొనీసియస్ తన గొంతును ఏ క్షురకునికిని అప్పగింపజాలక, కన్నకుమార్తెలకే ఆ విద్య నేర్పించెనట. బాలికలు ఎదిగిన పిమ్మట వారి చేతిలో ఇనుము ఉంచుటకును గుండె చాలక, కాల్చిన అక్రోటు చిప్పలతో గడ్డమును మాడ్పించుకొనెనట. ఇంత అవస్థపడినవానికి తన గడ్డమును తానే గీసికొందమను ఊహ కలిగినట్లు కథలో లేదు. అది మాకు మొదటినుండియు వింతగా తోచినది. ఆలోచించి చూడగా వింత లేదు. ఆనాటి కత్తి, ఆనాటి అద్దము, ఆనాటి ఆచారము మూడును అందుకు అడ్డు. సామాన్యుడు తన గడ్డమును తాను గీసికొనుట అను చిన్నపని వెనుక రెండువేల ఏండ్ల చరిత్ర ఉన్నది. దానిని ఈ వ్యాసమున చెప్పుకొందము.

గడ్డము తీయించుకొను అలవాటు ప్రాచీనమైనదే. ఈజిప్టు సమాధులలో కంచు క్షురికలు దొరకినవి. రోము నగరమునకు క్షురకులు మొదట వచ్చినది సిసిలీ నుండియేననియు, అది క్రీ.పూ. 300 నాటి మాట అనియు ప్లినీ వ్రాసినాడు. కాని ఆ కాలపు అద్దము మెరుగుపెట్టిన లోహపు బిళ్ళ. అందులో తన నీడ తనకు కనబడునుగాని, గొంతుమీది ఒక్కొక్క వెంట్రుక తీరు కనబడదు. కత్తి వాదర చూడగానే మొద్దువారునది. దానిని నిలుపుట ఒక పని, నడుపుట మరొక పని. రెండును తెలిసినవానికి అది వృత్తి అయినది. వృత్తి అయినదానికి రహస్యము ఉండును, ఆ రహస్యమునకు కాపలాయును ఉండును.

ఐరోపాలో ఆ కాపలా చాల గట్టిది. అక్కడ క్షురకుడు కేవలము గడ్డము తీయువాడు కాడు. గాయములు కుట్టుట, పండ్లు పీకుట, నెత్తురు తీయుట మొదలయిన పనులన్నియు అతనివే. పదునారవ శతాబ్దపు మహాశస్త్రవైద్యుడు అంబ్రువాజ్ పారే క్షురక వైద్యుల దగ్గరనే పని నేర్చినవాడు. ఇంగ్లండులో 1540లో ఎనిమిదవ హెన్రీ కాలమున క్షురకులును శస్త్రవైద్యులును ఒకే సంఘముగా ఏర్పడి, 1745 వరకు అట్లే ఉన్నారు. ఫ్రాన్సులో పారిస్ శస్త్రవైద్యులు 1743 నాటి రాజశాసనముతో క్షురకులనుండి విడిపోయినారు.

తెలుగు పాఠకులకు ఈ సంగతి కొత్తగా తోపదు. నేడు నాయీబ్రాహ్మణులని పిలువబడు మన క్షురకులు పల్లెలలో కురుపులు కోసి కట్లు కట్టినవారు, మూలికల గుణము తెలిసినవారు. వారి యింటి స్త్రీలు మంత్రసానులై ఎన్నో ఇండ్లలో తొలి ఏడుపు విన్నవారు. పెండ్లిలోను, దేవళములోను నాదస్వరము ఊదిన చేతులును వారివే. కత్తి పట్టిన చేతికి ఇన్ని విద్యలు ఎట్లు అబ్బినవని అడుగనక్కరలేదు. సూక్ష్మమైన స్పర్శయే వాటన్నిటికిని మూలము.

ఈ విద్యను వృత్తిలోనివారికే గాక, కొనగలిగిన ప్రతివానికి పుస్తకముగా అందింపవలెనని తలచినవాడు క్షురకుడు కాడు, కత్తులు చేయువాడు. అతని పేరు జాన్ జాక్ పెరె, పారిస్ నగరపు కత్తుల పనివారిలో గొప్ప పనివాడు. 1769లో అతడు ‘పోగోనోటోమీ’ అను గ్రంథము ప్రకటించినాడు. గ్రీకు భాషలో పోగోన్ అనగా గడ్డము, తోమే అనగా కోత. ‘తన గడ్డమును తాను గీసికొన నేర్చుకొను కళ’ అని దానికి ఉపశీర్షిక. సానరాళ్ళను గుర్తించుట, కత్తి నూరుటకు తోలును సిద్ధము చేయుట మొదలగునవి అందు చెప్పి, చివర నెత్తురు తీయుటను గురించి కూడ ఒక ప్రకరణము చేర్చినాడు. గడ్డముతోపాటు నెత్తురు తీసిన పాత కాలపు నీడ ఆ పుస్తకములో ఇంకను మిగిలియున్నదన్నమాట.

పెరెకు స్వలాభము లేదనలేము. తన గడ్డమును తాను గీసికొనువాడు ఒక కత్తి కొనవలెను గదా! కాని కాలమును గమనింపవలెను. దిదెరో సంపాదకత్వమున ఫ్రెంచి విజ్ఞానసర్వస్వము 1751 నుండి వెలువడుచు, వడ్రంగి, కమ్మరి, నేతగాడు మొదలగువారి పనిముట్లను పటములతో సహా లోకమునకు చూపుచున్న కాలమది. తరతరములుగా తండ్రి కొడుకు చెవిలో చెప్పినదానిని అచ్చులో చదువుకొనుట అప్పుడే మొదలైనది. పెరె కూడ 1771లో కత్తుల పనిని గురించి ఒక పెద్ద గ్రంథము వెలువరించినాడు. క్షౌరపు పుస్తకము ఆ గాలిలో పుట్టినది.

కొత్తగా నేర్చువాని భయము అతనికి తెలియును. వడ్రంగి చిత్రికను చూచి అతడు ఒక ఉపాయము పన్నినాడు. చిత్రికలో ఉలి కొద్దిగా మాత్రమే బయటకు వచ్చును. అట్లే కత్తి వాదరకు కొయ్యతో ఒక తొడుగు చేసి, కొంచెము అంచు మాత్రము వెలుపలికి కనబడునట్లు అమర్చినాడు. లోతుగా తెగుటకు వీలు లేదు. తరువాతి శతాబ్దములలో వచ్చిన రక్షణ క్షురికలకు ఇది ముత్తాత అని చెప్పవచ్చును.

పుస్తకమున్నంత మాత్రమున పని కాదు, ఉక్కు కావలెను. అదే శతాబ్దమున ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు షెఫీల్డు దగ్గర మూసలో ఉక్కును కరగించి, లోపల మలినము లేని ముద్దగా పోయుట సాధించినాడు. ఇది 1740 ప్రాంతపు సంగతి. ఈ ఉక్కు మరీ గట్టిదని షెఫీల్డు పనివారు మొదట ముట్టలేదనియు, ఫ్రాన్సు పనివారు కొని కత్తులు చేసి అమ్ముచుండగా చూచి వారు కన్నులు తెరచినారనియు చెప్పుదురు. సన్నని వాదర విరుగక, మడుగక నిలుచుటకు ఇటువంటి ఉక్కే ఆధారము.

మూసలో ఉక్కు కరగించుట మనవారికి అంతకు ఎన్నో శతాబ్దముల ముందే తెలిసిన విద్య. 1790 ప్రాంతమున బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ‘ఊట్జ్’ అను పేరుతో ఉక్కు ముద్దలను లండను రాయల్ సొసైటీకి పంపినాడు. 1795లో జార్జి పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసము ప్రకటించినాడు. మన ‘ఉక్కు’ అను మాటయే ఆంగ్లేయుల నోట ‘ఊట్జ్’ అయినదని పెక్కుమంది అభిప్రాయము. తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి మాట అది. లండనులో శస్త్రములు, క్షురికలు చేసిన జేమ్స్ స్టోడార్టు ఈ ఉక్కుతో పనిచేసి, ఐరోపా ఉక్కుకంటె దీనినే మెచ్చుకొన్నాడు. అతడును మైకేల్ ఫారడేయును కలిసి దీని గుట్టు తెలిసికొనవలెనని పరిశోధించి, మిశ్రమ ఉక్కులను గురించి 1820లోను 1822లోను వ్యాసములు వ్రాసినారు. విద్యుచ్ఛాస్త్రమున ఖ్యాతిగన్న ఫారడే తొలినాళ్ళలో మన ఉక్కుముందు కూర్చున్న విద్యార్థియే.

ఈ జాతి ఉక్కు నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కూడ తయారగుచుండెడిది. 1820 ప్రాంతములలో భూశాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ గ్రామమునకు పోయి మూసలను, కొలుములను చూచి వ్రాసిన వర్ణన అతని మరణానంతరము 1832లో అచ్చయినది. ఉక్కు కొనుటకు ఇస్పహాను నుండి వచ్చిన వర్తకుడొకడు అప్పుడు అక్కడనే ఉన్నాడట. ఆ కొలుములు చల్లారి చాల కాలమైనది. లోహపు చిట్టెపు దిబ్బలు వాటి గుర్తుగా నిలిచినవి.

ఇక నేర్చుకొను సంగతి. చరిత్ర వ్రాయువారు పనిని కూడ ఎరుగవలెనని మాకొక పట్టుదల. మా యింటి పాత పెట్టెలో తాతగారి మంగలకత్తి ఒకటి దొరకినది. దంతపు రంగు పిడి, మధ్య గుంటగా సానపెట్టిన అలుగు. దానిని తీసికొని మా వీధి చివర క్షౌరశాల నడుపు వృద్ధుని దగ్గరకు పోయినాము. ఆయన కత్తిని వెలుగునకు పట్టి చూచి, నవ్వి, “ఈ వయసులో ఇదేం సరదా బాబుగారూ?” అన్నాడు. “నేర్పుతావా పెద్దయ్యా?” అన్నాము. “నేర్పుతాను. కాని మొదటి పదిరోజులూ గడ్డం జోలికి పోవద్దు” అన్నాడు.

ఆ పదిరోజులును తోలుపట్టీతోనే గడచినవి. కత్తి వెన్ను ముందునకు పోవలెను, వాదర వెనుక రావలెను. చివరకు చేరినప్పుడు కత్తిని పైకెత్తక, వెన్నుమీదనే దొర్లించి త్రిప్పవలెను. వాదర మీద దొర్లించినచో తోలు తెగును, కత్తియు చెడును. మేము ఆ తోలును మూడుచోట్ల కోసినాము. ప్రతి క్షౌరమునకు ముందు ఈ పని ముప్పది నలువది మార్లు జరుగవలెను. ఎందుకని అడిగితిమి. “వెంట్రుక కత్తిని తినేస్తుంది బాబుగారూ” అని ఆయన సమాధానము. మెత్తని వెంట్రుక గట్టి ఉక్కును తినుట యెట్లని మేము లోలోపల నవ్వుకొన్నాము. కాని 2020లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు సూక్ష్మదర్శినిలో చూచి చెప్పినదియు అదే. ఉక్కుకంటె దాదాపు ఏబది రెట్లు మెత్తనిదైన వెంట్రుక, ఏటవాలుగా తగిలినప్పుడు వాదరనుండి సూక్ష్మమైన తునకలను ఊడగొట్టగలదు. పెద్దయ్య మాటకు మేము నవ్వియుండవలసినది కాదు.

పదునొకండవ నాడు ముఖమునకు పని పడినది. వేడినీటితో గడ్డమును బాగుగా నానబెట్టవలెను. నానిన వెంట్రుక సులభముగా తెగును. నురుగు దట్టముగా పట్టింపవలెను. కత్తి చర్మముమీద ముప్పది డిగ్రీల వాలున ఉండవలెను. వెన్ను మరీ లేచినచో చర్మము గీరుకొనిపోవును, మరీ వాలినచో వెంట్రుక తెగక లాగును. మొదట వెంట్రుక మొలిచిన దిక్కుననే, చిన్న చిన్న పట్టులుగా నడుపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కత్తిని పొడవు వాటమున ఎన్నడును జరుపరాదు. కూరగాయలు తరుగు ఆ కదలికయే చర్మమునకును శత్రువు.

ఇన్ని సూత్రములు చెప్పి ఆయన చివర అన్న మాట మేము మరువము: “కత్తి పట్టిన చేయి కాదు బాబుగారూ గీసేది. చర్మం లాగిపట్టిన చేయి గీస్తుంది. ఆ చేయి కుదిరితే కత్తి తనంతట తాను పోతుంది.” చూచువారి కన్ను ఎప్పుడును కత్తిమీదనే ఉండును. రెండవచేతిని ఎవరును చూడరు. నేర్చువాడును చూడడు, అందుచేతనే తెగును. మేమును చూడలేదు. కుడిచెంప కుదిరినదను గర్వముతో ఎడమచెంపకు పోయి, చెవిక్రింద అంగుళము పొడవున గీసికొన్నాము. పటిక రాచికొని పనికి పోయినాము. మాట మాత్రమే పోవునుగాని ముఖము పోకుండుట రేడియో ఉద్యోగములోని సౌకర్యములలో ఒకటి. మొదటి వారము ఒక్క చెంపతో తృప్తిపడి, తక్కినది మామూలు బ్లేడుకు వదలినచో ఆ గాయము ఉండెడిది కాదు. కొత్తగా నేర్చువారు ఎవరైనను ఈ మాట చెవిని పెట్టుకొందురుగాక.

ఇంతవరకును చెప్పినది చేతి నేర్పును గూర్చి. ఈ చరిత్రకు మరొక ముఖము కలదు. మంగలి ఎదుటి పీటమీద జమీందారును గుమాస్తాయును కూర్చుండవచ్చునని మొదట అన్నాము. అందరును కూర్చుండవచ్చునని అనలేదు. మన పల్లెలలో తరతరములుగా ఆ పీట మాలమాదిగలకు దక్కలేదు. వారి గడ్డము ముట్టిన చేయి తమ గడ్డమును ముట్టరాదని పై కులములవారు కట్టడి చేసినారు. ఆ కట్టడిని మీరినచో క్షురకుని బ్రతుకుతెరువు పోవును. కావున పీటమీద చోటు లేనివాడు తన పని తానే నేర్చుకొనవలసి వచ్చినది, లేదా తమలో ఒకరి చేతిని నమ్మవలసి వచ్చినది. పెరె గ్రంథము ఎవరికొరకు వెలువడినదో ఆ పారిస్ పెద్దమనుషులకు స్వహస్త క్షౌరము ఒక సౌఖ్యము. మన పల్లెలో అది ఒక అవమానమునకు జవాబు.

ఈ రెండింటిని ఒక్కచోట చూచినవారు గాంధీజీ. ఇంగ్లండుకు పోయినవారందరును అక్కడ కనీసము గడ్డము గీసికొనుట నేర్చుకొందురనియు, జుట్టు కత్తిరించుకొనుట మాత్రము ఎవరును నేర్వరనియు ఆయన ఆత్మకథలో వ్రాసినారు. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక ఆంగ్లేయ క్షురకుడు ఆయనకు జుట్టు కత్తిరించుటకు ఈసడింపుతో నిరాకరించినాడు. ఆయన ఒక కత్తెర యంత్రము కొని, అద్దము ముందు నిలుచుండి తన జుట్టును తానే కత్తిరించుకొన్నారు. ముందరిభాగము ఒక మాదిరిగా కుదిరినది, వెనుకభాగము పాడైనది. న్యాయస్థానములోని మిత్రులు పడిపడి నవ్వినారు. ఆ అవమానమును చెప్పి ఆయన అంతటితో ఆగలేదు. ఆ క్షురకుని తప్పుపట్టలేదు. నల్లవారికి పనిచేసినచో తెల్లవారి బేరము పోవునని అతని భయము. మన క్షురకులను మనము అస్పృశ్య సోదరులకు పనిచేయనిచ్చుచున్నామా, దానికి ఫలితమే తనకు ఇక్కడ దక్కినదని ఆయన భావము. కత్తి పట్టినవాని చేతిని వెనుకకు లాగునది అతని వెనుకనున్న సమాజమని దీని తాత్పర్యము.

స్వతంత్ర భారత రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో వచ్చిన చట్టము అస్పృశ్యతా కారణమున సేవను నిరాకరించుటను నేరముగా ప్రకటించినది. ఆ చట్టమే 1976 నుండి పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరుతో నడచుచున్నది. చట్టము ఒక్కనాటిలో పీటను అందరికి చేర్చలేదు. అయినను, పీట అందరిదని వ్రాతమూలకముగా చెప్పినది.

ఈలోగా లోకమునకు నేర్చుకొను అక్కరయే తప్పించినవాడు ఒకడు బయలుదేరినాడు. అమెరికాలో కింగ్ కాంప్ జిలెట్ అను వర్తక ప్రతినిధి, నూరనక్కరలేని, వాడి పారవేయదగిన పలుచని బ్లేడును ఊహించినాడు. అంత పలుచని రేకునకు పదును నిలుపుట సాధ్యము కాదని తెలిసినవారు చెప్పిరి. విలియం నికర్సన్ అను ఇంజనీరు దానిని సాధించినాడు. 1901లో కంపెనీ ఏర్పడినది. అమ్మకమునకు వచ్చిన తొలి సంవత్సరమగు 1903లో అమ్ముడుపోయినవి 51 క్షురికలు, 168 బ్లేడులు మాత్రమే. 1904లో పేటెంటు లభించినది. మొదటి ప్రపంచ యుద్ధము చివర అమెరికా ప్రభుత్వము తన సైనికులకై ముప్పదియైదు లక్షల క్షురికలు తీసికొన్నది. పెరె కొయ్యతొడుగుతో ఆరంభించిన పని నూటయేబది ఏండ్లకు ఇట్లు ముగిసినది. నేర్చుకొనవలసినదంతయు యంత్రములోనికి పోయినది, చేతికి మిగిలినది స్వల్పము.

ఎయిడ్స్, కామెర్ల వంటి వ్యాధులు నెత్తుటి ద్వారా వ్యాపించునను ఎరుక పెరిగిన పిమ్మట మన క్షౌరశాలలలో కూడ పాత మంగలకత్తి మూలపడినది. దాని స్థానమున సగము బ్లేడు తొడుగు కత్తి వచ్చినది. ప్రతివానికిని కొత్త బ్లేడు. అది మంచిదే. ఆరోగ్యమునకు మించిన సంప్రదాయము లేదు. అయినను వాలు అదే, పట్టు అదే, చర్మము లాగిపట్టు రెండవచేయి అదే. ఆ విద్య ఇంకను బ్రతికియున్నది ఆ చేతులలోనే.

మాకు కత్తి కుదురుటకు సుమారు మూడునెలలు పట్టినది. ఒకనాటి ఉదయము పెద్దయ్య మా గడ్డముక్రింద వ్రేలితో రాచి చూచి, “ఇంక ఫరవాలేదు బాబుగారూ. నాతో పని తీరిపోయింది” అన్నాడు. తీరలేదని చెప్పినాము. గాయపడక గీసికొనుట ఎంత కష్టమో మా చెంపకు తెలిసిన తరువాతనే, నలువది ఏండ్లుగా ఊరివారి గొంతులమీద ఒక్క గాటు పడనీయక కత్తి నడపిన చేయి ఎట్టిదో మాకు బోధపడినది. ఆయన కుర్చీ చూపినాడు. కూర్చున్నాము. కొత్త బ్లేడు విరిచి తొడిగిన చప్పుడు విన్నాము. ఎడమచేయి చెంపను లాగిపట్టినది. డయొనీసియస్ ఎన్నడును చేయలేని పనిని మేము సుఖముగా చేసినాము: కన్నులు మూసికొన్నాము.